ఖాళీ కుర్చీల ఫొటో: ఒకినావా పెళ్లిళ్ల వ్యాపారం పత్రికా ప్రకటనల్లోంచి ఎలా పుట్టింది

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది జపాన్ ద్వీపాలు ఒకినావాలో జరిగే పెళ్లిళ్ల ఫొటోల్లోని ఖాళీ కుర్చీల గురించే కాబట్టి అదీ ఒకందుకు మంచిదే.

ముందు ఈ పుస్తకం చూడండి. ఎత్తి చూపించాలంటే రెండు చేతులూ కావాలి. మా అమ్మాయి జపాన్‌లో, కవాసాకిలో ఉంటుంది. మేం వెళ్లినప్పుడు వాళ్ల అపార్ట్‌మెంటు కింద చిన్న కొట్టు ఉండేది. పాలు, గుడ్లు, అన్నం ఉండలు అమ్మే కొట్టు. అందులో కింద అరలో ఇవి ఇటుకల్లా పేర్చి ఉన్నాయి. పేరు జెక్సీ, పెళ్లి ఏర్పాట్ల పత్రిక. మేం కొన్నప్పుడు వెల 300 యెన్లు, అంటే మన లెక్కలో రెండు వందల రూపాయల లోపే. ఇంటికి తెచ్చి వంటింటి కాటా మీద పెడితే రెండు కిలోలు దాటింది. తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో పెట్టె బరువెక్కువైందన్నారు. మా ఆవిడ ముచ్చటపడి కొన్న పింగాణీ గిన్నెలు అమ్మాయి దగ్గర వదిలేసి ఇది తెచ్చుకున్నాను. ఆ గొడవ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

నేను ఇరవై ఆరేళ్లు పత్రికల్లో యాడ్స్ అమ్మినవాణ్ని. రేట్ కార్డు, ఫుల్ పేజీ, బ్యాక్ కవర్, కాలమ్ సెంటీమీటరు, ఇదే నా భాష. మా ఆఫీసులో సంపాదక వర్గానికీ మాకూ రోజూ తగువే. రాత్రి పదింటికి ఒక ఫుల్ పేజీ యాడ్ తెస్తే, కథ సగంలో ఆగిపోతుందని వాళ్లు మొత్తుకునేవాళ్లు. పాఠకుడు కొనేది కథ కోసం, యాడ్ అంటే అడ్డొచ్చేది. మా ధోరణి అదీ, వాళ్ల ధోరణీ అదే. తేడా అల్లా జీతం ఎక్కడినుంచి వస్తుందో మాకు తెలుసు.

ఈ పుస్తకం చేతిలోకి తీసుకుని అలవాటు కొద్దీ లెక్కేశాను. ఇందులో ఆర్టికల్ ఎంత, యాడ్ ఎంత అని. లెక్క తెగలేదు. ముందు కొన్ని పేజీలు పెళ్లి ఏర్పాట్ల సలహాలు, గౌన్ల ఫొటోలు. తరవాత పేజీలకు పేజీలు, వందల పేజీలు, అన్నీ పెళ్లి వేదికల ప్రకటనలే. అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. పైన పెద్ద ఫొటో, కింద చిన్నవి నాలుగు, పక్కన ఎంతమంది పడతారు, స్టేషన్ నుంచి ఎన్ని నిమిషాలు, ఎంత ఖర్చు. వీటి కోసమే జనం 300 యెన్లు ఇస్తున్నారు! నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో యాడ్ చూడ్డానికి డబ్బిచ్చిన పాఠకుణ్ని నేను ఎరగను. పత్రిక చివర్న వచ్చే వరుడు కావలెను, వధువు కావలెను తప్ప.

ఇది ఊరికే పుట్టలేదు. దీన్ని నడిపే కంపెనీ పేరు రిక్రూట్. 1960లో తోక్యో విశ్వవిద్యాలయం విద్యార్థి ఎజోయే హిరోమాసా మొదలుపెట్టాడు. అతను విద్యార్థుల పత్రికకి యాడ్స్ తెచ్చేవాడు, అంటే మా కులం వాడే. 1962లో ఉద్యోగ ప్రకటనలు తప్ప ఇంకేమీ లేని పుస్తకం ఒకటి వేశాడు. చదువు పూర్తవుతున్న కుర్రాళ్లకి పంచాడు. కథలు, వ్యాసాలు ఏవీ లేకుండా, ప్రకటనే సమాచారం అన్నాడు. ఉద్యోగాల తరవాత ఇళ్లు, తరవాత ప్రయాణాలు, అలా ఒక్కొక్కటీ పుస్తకాలయ్యాయి. మధ్యలో 1988లో ఈ కంపెనీ వాటాల వ్యవహారంలో రాజకీయ నాయకులు ఇరుక్కుని, మరుసటేడు ప్రధాని తకేషితా రాజీనామా దాకా వెళ్లింది. అది వేరే కథ, ఇంకోసారి పిలిస్తే చెబుతాను. ఆ వరసలోనే 1993లో పెళ్లిళ్ల వంతు వచ్చింది. అదే ఇది. తోక్యో చుట్టుపక్కలకి ఒకటి, ఒసాకా, క్యోటో వైపుకి ఒకటి, హొక్కైడోకి ఒకటి, మన పేపర్ల జిల్లా ఎడిషన్లలాగా. విదేశాల్లో పెళ్లి చేసుకునేవాళ్లకి ప్రత్యేకంగా ఇంకో పుస్తకం కూడా వేశారు.

ఇప్పుడు ఈ కాగితం చూడండి. పుస్తకంలోనే మడిచి ఇచ్చారు. గులాబీ రంగు, చుట్టూ బొమ్మలు. గ్రీటింగ్ కార్డు అనుకున్నాను. మా అమ్మాయి చూసి నవ్వింది. "నాన్నా, ఇది పెళ్లి రిజిస్ట్రేషన్ ఫారం. నింపి మునిసిపల్ ఆఫీసులో ఇస్తే చెల్లుతుంది" అంది. జపాన్‌లో చట్టం దృష్టిలో పెళ్లంటే ఈ కాగితమే. ఇద్దరు సాక్షుల సంతకాలతో ఆఫీసులో ఇస్తే పెళ్లయినట్టు. తంతు ఏదైనా చట్టానికి అక్కర్లేదు. అంటే 300 యెన్లకి అసలు పెళ్లిని పత్రికే ఇచ్చేసింది. మిగతా రెండు కిలోలు, చట్టానికి అవసరం లేని పెళ్లిని అమ్మడానికి. ఇంతకన్నా ధైర్యమున్న వ్యాపారస్తుణ్ని నేను చూడలేదు.

సరే, అసలు విషయానికి వద్దాం. చీటీ పెట్టుకున్నాను, ఈ పేజీ. ఒకినావా విభాగం. జపాన్‌కి దక్షిణంగా చివర్న ఉండే ద్వీపాలు. తోక్యో నుంచి అక్కడి ముఖ్య పట్టణం నాహాకి విమానంలో రెండున్నర, మూడు గంటలు. ఫొటోలో ఒక తెల్లని గది. ఎదురుగా గోడ లేదు, నేల నుంచి పైకప్పు దాకా అద్దం. అద్దం అవతల సముద్రం, నీలం అంటే ఎంత నీలమో అంత. మధ్యలో పొడుగ్గా తెల్లటి నడక దారి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు వర్జిన్ రోడ్డు. ఇంగ్లీషువాళ్లకే తెలియని ఇంగ్లీషు మాట అది. అటు కొన్ని, ఇటు కొన్ని బెంచీలు. మనిషన్నవాడు ఒక్కడూ లేడు. కొన్ని పేజీల్లో పెళ్లికూతురు ఉంది, వీపు మనవైపు పెట్టి, గౌను దారంతా పరుచుకుని. మొహం కనిపించదు. కనిపించకపోవడమే కిటుకు. ఆ వీపు ఎవరిదైనా కావచ్చు, రేపు మీదే కావచ్చు.

దీని పక్కన మన ఫంక్షన్ హాలు యాడ్ పెట్టి చూడండి. నేను వందల కొద్దీ వేయించాను, నిద్రలో అడిగినా చెబుతాను. "1500 మంది కూర్చోవడానికి విశాలమైన ఏసీ హాలు. ఒకేసారి 400 మందికి భోజన వసతి. విడిది గదులు 14. జనరేటర్, బోరు, పార్కింగ్ సౌకర్యం కలదు." ఫొటో వేస్తే బయట గేటు, లైట్ల దండలు. ఒకసారి ఒక హాలు యజమాని దగ్గరికి వెళ్లి, సార్, లోపల డెకరేషన్ బాగుంది, ఖాళీ స్టేజీ ఫొటో పెద్దగా వేద్దాం అన్నాను. అంతెత్తున లేచాడు. "ఖాళీగా కనపడితే బుకింగుల్లేవనుకుంటారయ్యా!" భోజనాల బంతి నిండుగా ఉన్న ఫొటో పట్టుకురమ్మన్నాడు. తెచ్చి వేశాం. అచ్చయ్యాక చూస్తే ముందు వరసలో ఎవరో పెద్దాయన సాంబారు జుర్రుకుంటూ కెమెరావైపు గుడ్లురిమి చూస్తున్నాడు. ఆయన తాలూకు మనుషులు మా ఆఫీసుకొచ్చారు. ఆ వారం నా కమిషన్ పోయింది.

ఆ యజమాని అమ్మింది ఎంతమంది పడతారన్నది. ఒకినావా పేజీ అమ్ముతున్నది ఒక కిటికీని. యాడ్‌లో దేనికి పెద్ద అక్షరం వేస్తారో వ్యాపారం ఆ దిక్కుగానే పెరుగుతుంది. మన దగ్గర యాభై ఏళ్లుగా హాళ్లు పెద్దవవుతూ పోయాయి, పార్కింగ్ ఎకరాల్లోకి వెళ్లింది. అక్కడ కిటికీ పెద్దదవుతూ పోయింది.

మీకో అనుమానం రావాలి. జపాన్‌లో చర్చి ఏమిటి? క్రైస్తవులు నూటికి ఒక్కరు. నిజమే. వాళ్ల సొంత మతం షింతో గుళ్లో పెళ్లి కూడా అనాదిగా ఉన్నదేమీ కాదు, 1900లో యువరాజు యోషిహితో పెళ్లి అలా జరిగాకే జనంలోకి వచ్చింది. అంతకుముందు పెళ్లంటే ఇంట్లోనే. 1980లో యమగుచి మొమొయే అనే పెద్ద గాయని, వయసు ఇరవై ఒకటి, తోక్యోలో రెయినాన్‌జకా చర్చిలో పెళ్లి చేసుకుంది, అందుకోసం సినిమాలు, పాటలు ముందే మానేసింది. దేశమంతా ఆ గౌను చూసింది. 1990లు గడిచేసరికి సగానికి పైగా జంటలు చాపెల్, అంటే చిన్న చర్చిలాంటి గదిలో తంతే ఎంచుకుంటున్నాయి. నమ్మకం ఉండక్కర్లేదు, గౌను ఉంటే చాలు. ఈ చాపెళ్లలో చాలావాటికి సంఘం లేదు, ఆదివారం ప్రార్థన లేదు. హోటలు కట్టిన గది, అంతే. తెల్లదొర పాస్టరుగా నిలబడితే ఫొటో బాగుంటుందని, వారమంతా ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకునే విదేశీయుల్ని వారాంతంలో ఆ అంగీ తొడిగి నిలబెట్టడం మామూలైంది. నవ్వకండి, మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర పన్నీరు చల్లడానికి ఈవెంటు వాళ్లు తెచ్చే అమ్మాయిలు మన బంధువులా?

ముహూర్తాలు మాత్రం వదల్లేదు. వాళ్ల క్యాలెండరులో ఆరు రకాల రోజులు తిరుగుతుంటాయి. తాయిఆన్ అంటే మంచి రోజు, హాళ్లు దొరకవు. బుత్సుమెత్సు అంటే చెడ్డ రోజు, రాసే అక్షరాలకి బుద్ధుడు పోయిన రోజని అర్థం వస్తుంది, ఆ రోజుల్లో తగ్గింపు ధరలు. క్రైస్తవ తంతుకి ముహూర్తాల క్యాలెండరు! మన ఆషాఢం సేల్ లాంటిదే అనుకోండి.

ఇక ఊరు దాటి వెళ్లి పెళ్లి చేసుకోవడం. అది హవాయితో మొదలైంది. 1964 దాకా జపాన్‌వాళ్లు సరదాకి విదేశం వెళ్లడానికి వీల్లేదు. ఆ ఏడు తలుపులు తెరిచారు. వతాబే అని క్యోటోలో 1953లో పెళ్లి బట్టలు అద్దెకిచ్చే కొట్టుగా మొదలైన కంపెనీ ఉంది. వాళ్లు 1973లో హొనొలులులో దుకాణం తెరిచారు. చూడండి, మొదట వెళ్లింది పురోహితుడు కాదు, వంటవాడు కాదు, అద్దె గౌను. 1985 తరవాత యెన్ విలువ ఒక్కసారి పెరిగింది. రెండేళ్లలో డాలరుకి 240 యెన్ల నుంచి 120ల్లోకి వచ్చింది. హవాయి చవకైపోయింది. 1997 నాటికి ఏడాదికి 20 లక్షలకు పైగా జపాన్ యాత్రికులు అక్కడికి వెళ్లారు. వాళ్లలో జంటలు పెళ్లిళ్లు కూడా అక్కడే కానిచ్చారు. హొనొలులులో పాత చర్చిల్లో పెళ్లి మీద పెళ్లి, గంట ఆలస్యమైతే తరవాతి గౌను బయట ఎండలో నిలబడాల్సిందే.

వెళ్లడానికి ఇంకో కారణం ఉంది, అది మనకి బాగా అర్థమవుతుంది. చదివింపులు. జపాన్‌లో పెళ్లికి వెళితే కవరులో డబ్బు పెట్టాలి. స్నేహితుడైతే 30 వేల యెన్లు మర్యాద. 20 వేలు పెట్టకూడదంటారు, రెండుగా చీలే అంకె జంటకి మంచిది కాదట. మనం నూట పదహార్లు పెట్టినట్టే. నోట్లు కొత్తవి ఉండాలి, కవరుకి కట్టిన దారం ముడి విప్పడానికి రాని ముడి అయి ఉండాలి. ఇలా డెబ్భై ఎనభై మంది వచ్చేవాళ్లు, ఆఫీసులో పై అధికారి వచ్చి ప్రసంగం చేసేవాడు, ప్రతి ఒక్కరికీ తిరుగు బహుమతి సంచీ ఇవ్వాలి. 1990ల్లో భూములు, షేర్ల ధరల బుడగ పేలాక కుర్రాళ్లు ఈ తతంగం మీద విసిగిపోయారు. సాదా పెళ్లి అన్న మాట అప్పుడే పత్రికలకెక్కింది. అయితే ఆఫీసరుగారిని పిలవకుండా ఉండాలంటే ఒక సాకు కావాలిగా? ద్వీపంలో చేసుకుంటున్నాం సార్, రావడం మీకు ఇబ్బంది. ఎవరికీ కోపం రాదు. మన దగ్గర తిరుపతిలో పెళ్లి చేసేవాళ్లు చెప్పే మాటే అది.

2001 సెప్టెంబరులో న్యూయార్క్ దాడుల తరవాత హవాయి విమానాలు ఖాళీ అయ్యాయి. ఒకినావా కూడా దెబ్బతింది, ఎందుకంటే అక్కడ అమెరికా సైనిక స్థావరాలున్నాయి. బడి పిల్లల యాత్రలు కుప్పలుగా రద్దయ్యాయి. ఒకినావా ఏం భయంలేదు, రండి అని ప్రభుత్వమే ప్రచారం చేయాల్సొచ్చింది. ఆ గండం గడిచాక ద్వీపం పుంజుకుంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, అమ్మానాన్నలకి ఎనిమిది గంటల విమానం అక్కర్లేదు, సముద్రం రంగు హవాయికి తీసిపోదు. పడమటి తీరంలో, ఒన్నా గ్రామం, యోమితాన్ గ్రామం వైపు హోటళ్లు తమ ఆవరణలో చాపెళ్లు కట్టడం ఊపందుకుంది. 1990ల చివర్లో వందల్లో ఉన్న పెళ్లిళ్లు, 2010ల రెండో సగానికి ఏడాదికి పది వేలు దాటాయి. హాంకాంగ్, తైవాన్ నుంచి కూడా జంటలొచ్చాయి.

నా మాట ఇక్కడ వస్తుంది. మామూలుగా ఏమనుకుంటాం? చోటు ముందు, యాడ్ తరవాత. ఊళ్లో సత్రం ఉంటే దాని ఫొటో తీసి వేస్తాం. ఇక్కడ తలకిందులు. జంట తోక్యోలో ఉంది. పెళ్లి పదిహేను వందల కిలోమీటర్లకు పైగా దూరాన. వెళ్లి చూసి రావాలంటే టికెట్లు, సెలవులు. కాబట్టి చూడకుండానే, ఈ పేజీ చూసే ఎంచుకుంటారు. పేజీల్లో పక్కపక్కనే ముప్పై చాపెళ్లు, ఒకే సైజు ఫొటో, ఒకే లేఅవుట్. ఈ ముప్పైలో వేలు ఎక్కడ ఆగాలి? కొత్తగా కట్టేవాడు ఆ ఫొటోని మనసులో పెట్టుకునే కడతాడు. తలుపు దగ్గర నిలబడి తీస్తే ఫ్రేములో సముద్రం ఎంత పడుతుంది? నడక దారి ఎంత పొడుగుంటే గౌను అంత అందంగా పరుచుకుంటుంది? నేల తెల్లగా, నిగనిగలాడుతూ ఉండాలి, ఆకాశం అందులో కూడా కనపడాలి. హొక్కైడోలో తోమాము అనే చోట 1988లో అందో తదావో అనే పేరున్న వాస్తుశిల్పి కట్టిన నీటి చర్చి ఉంది. ఎదుటి గోడ మొత్తం అద్దం, పక్కకి జరిగిపోతుంది, అవతల కొలనులో నిలబెట్టిన సిలువ. అదీ రిసార్టు చాపెలే. ఒకినావా వాళ్లు దాన్ని చూసి నేర్చుకున్నారని నేననను. కానీ ఆ పేజీలు తిప్పుతుంటే దాని చిన్నపిల్లలు ముప్పైమంది వరసగా కూర్చున్నట్టుంటుంది. అక్కడ సిలువ ఉన్న చోట ఇక్కడ చాలావాటిల్లో సముద్రమే ఉంది.

సీట్లు చూడండి. మా అమ్మాయి చదివి చెప్పింది: నలభై, ముప్పై, అరవై. ఫ్రేములోకి పట్టేంతే. పడమటి తీరమే ఎందుకంటే సూర్యాస్తమయం అటువైపు. ధర పక్కన చిన్న అల గుర్తు ఉంటుంది, మన "నుంచి" లాంటిది. పేజీ మీద వేసింది ఇద్దరికి సరిపడే ప్యాకేజీ. తరవాత గౌను మంచిది కావాలంటే ఇంత, ఆల్బమ్ ఇంత, వీడియో ఇంత, పూలు ఇంత. ఈ అల గుర్తుని కనిపెట్టినవాడికి మా యాడ్ మనుషులందరం కలిసి ఒక శాలువా కప్పాలి.

ఇంతకీ పేజీలో పట్టనివి ఏమయ్యాయి? ఒకటి వాన. జపాన్ పెళ్లిళ్ల వ్యాపారం జూన్ పెళ్లికూతురు అదృష్టవంతురాలన్న పాశ్చాత్యుల మాటని తెచ్చి బాగా ప్రచారం చేసింది. ప్రధాన భూభాగంలో జూన్ అంటే వానాకాలం. ఒకినావాలో వానలు మేలో మొదలై జూన్ మూడో వారం దాకా. ఆగస్టు, సెప్టెంబరు తుపాన్లు. ఈ పుస్తకంలో మేఘం ఎక్కడుందో వెతికాను. దూదిపింజల్లాంటివి రెండున్నాయి, అలంకారానికి. రెండోది చప్పుడు. యోమితాన్ పక్కనే కదేనా వైమానిక స్థావరం. మంత్రం చదువుతుండగా నెత్తిన యుద్ధవిమానం వెళ్లిందంటే ఏం చేస్తారో తెలియదు, అచ్చు పేజీకి చప్పుడుండదు కదా. 1945 ఏప్రిల్ 1న అమెరికా సైన్యం దిగింది ఆ తీరంలోనే. తరవాత మూడు నెలల్లో ద్వీపంలో లక్ష మందికి అటూఇటూగా మామూలు ప్రజలు చచ్చిపోయారు. 1972 దాకా ద్వీపం అమెరికా చేతిలోనే ఉంది. అక్కడ పెళ్లి చేసుకోకూడదని నేను అనడం లేదు. అక్కడి వాళ్లూ బతకాలి, హోటల్లో ఉద్యోగాలు కావాలి. నీలం రంగు ఒక్కటే అచ్చవుతుందని చెబుతున్నాను.

మూడోది, నాకు అన్నింటికన్నా ఆసక్తిగా అనిపించింది, ఒకినావా వాళ్ల సొంత పెళ్లి. మా అమ్మాయి ఆఫీసులో ఒకావిడది నాహా. మేం ఇంటికి పిలిస్తే వచ్చింది. ఈ పేజీ చూపించి, మీ పెళ్లి ఇందులో ఎక్కడ జరిగింది అని అడిగాను. ఆవిడ పగలబడి నవ్వింది. వాళ్ల పెళ్లికి రెండు వందల యాభై మంది. నాహాలో పెద్ద హోటలు హాలు, స్టేజీ ఉన్నది. అక్కడ చదివింపులు 30 వేలు కాదు, 10 వేలే మామూలు. తక్కువ పెడతారు, ఎక్కువమంది వస్తారు. మొదట బంధువులెవరో కజ్యదేఫూ అనే సంప్రదాయ నృత్యంతో ఆరంభిస్తారు. తరవాత ఇక ఆఫీసువాళ్లు, చిన్ననాటి స్నేహితులు, పెదనాన్నలు, ఒకరి తరవాత ఒకరు స్టేజీ ఎక్కి ఆటలు, పాటలు, నాటికలు. చివర్న అందరూ లేచి చేతులు పైకెత్తి కచాషీ అనే నృత్యం ఆడతారు. ఎంతమందికి భోజనం పెట్టారమ్మా అంటే లెక్క చెప్పింది, కూరల పేర్లు చెప్పింది, ఏ మావయ్య తాగి ఏం చేశాడో చెప్పింది. మా ఫంక్షన్ హాలు యజమాని ఉంటే ఆవిణ్ని అక్కడికక్కడే కూతురిగా దత్తత తీసుకునేవాడు.

ఒకే ద్వీపంలో రెండు రకాల పెళ్లిళ్లు. ఒకటి నిండు కుర్చీలది, దాని హాలు తీరం మీద ఉండక్కర్లేదు, కిటికీ లేకపోయినా ఫరవాలేదు. ఇంకొకటి ఖాళీ కుర్చీలది. తోక్యోలో వేసే పుస్తకంలో ఒకినావా పెళ్లి అంటే రెండోదే. పది వేల జంటలు ఒకినావా వెళ్లి పెళ్లి చేసుకున్నారు, ఒకినావా పెళ్లి మాత్రం చూడలేదు. వంటలో, పాటలో కొంచెం స్థానికం కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. రంగురంగుల పాత రాజుల కాలం దుస్తులు వేయించి ఫొటోలు తీస్తారు. అదీ ఒక ప్యాకేజీయే, అదీ ఒక చిన్న బాక్సే, పేజీలో కింద కుడివైపు.

ఇప్పుడెలా ఉందంటారా? జపాన్‌లో పెళ్లిళ్లే తగ్గిపోయాయి. 1970ల మొదట్లో ఏడాదికి పది లక్షలు దాటేవి, 2023లో ఐదు లక్షల లోపు. 2017లో ఈ పత్రికే ఒక యాడ్ వేసుకుంది. పెళ్లి చేసుకోకపోయినా సంతోషంగా ఉండగలిగే ఈ కాలంలో, నేను మాత్రం నిన్ను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను, అని. పెళ్లిళ్ల పత్రిక పెళ్లి అక్కర్లేదని ఒప్పుకుని మరీ అమ్మింది. అంత మంచి కాపీ నా చేతుల్లోంచి ఎప్పుడూ పోలేదు. కరోనాలో విమానాలు ఆగాయి. హవాయి దారి వేసిన ఆ వతాబే కంపెనీ అప్పుల్లో పడి 2021లో ఇంకో పెద్ద కంపెనీ చేతికి వెళ్లింది. ఇప్పుడు కుర్రాళ్లు ఫోన్లో చూసుకుంటున్నారు. తంతు కూడా వదిలేసి, గౌను వేసుకుని తీరంలో ఫొటోలు మాత్రం తీయించుకుని వచ్చే ప్యాకేజీ ఉంది. బెంచీలు కూడా అక్కర్లేదు ఇక. ఆ ఫొటో ఎలా ఉంటుందో చూశాను. వీపు ఇటు, సముద్రం అటు. ముప్పై ఏళ్లుగా పుస్తకం నేర్పిన భంగిమే.

మనవాళ్ల సంగతి అడుగుతారని తెలుసు. మనవాళ్లూ ఉదయపూర్, గోవా వెళుతున్నారు. 2024 డిసెంబరులో పి.వి.సింధు పెళ్లి ఉదయపూర్‌లోనే అయింది. అయితే మనవాళ్లు సరస్సు ఫొటో చూసి వెళ్లినా, తిరిగొచ్చి హైదరాబాదులో రిసెప్షన్ పెట్టి వెయ్యిమందికి భోజనం పెట్టకుండా ఉండలేకపోతున్నారు. రెండు యాడ్లకీ డబ్బులు కడుతున్నారన్నమాట. వ్యాపారం చేసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

ఎవరో చెయ్యెత్తారు. అడగండి. ఆ... ఆవిడ పెళ్లి ఫొటో ఉందా అని. నాహా ఆవిడదా? ఫోన్లో చూపించింది, నా దగ్గర లేదు. స్టేజీ మీద పెద్దాయన ఒకాయన తలకి గుడ్డ కట్టుకుని ఏదో వాయిస్తున్నాడు, కింద టేబుళ్ల మీద సీసాలు, ముందు ఎవరిదో తలకాయ సగం అడ్డం. పెళ్లికూతురు ఎక్కడుందో వెతకాల్సొచ్చింది. మా పత్రికలో వేయడానికి కూడా పనికిరాదు.

ఇంకేమైనా ఉంటే టీ దగ్గర మాట్లాడుకుందాం, పక్క గదిలో పెట్టారట. పుస్తకం కావాలంటే చేతులు మార్చి చూడండి, కానీ తిరిగి నా దగ్గరికే రావాలి. ఆ గులాబీ ఫారం మాత్రం లాగకండి, ఒక్కటే ఉంది. గిన్నెలు వదిలేసి తెచ్చుకున్నాను.